గాలి తెలియని ముక్కు

నాది మా నాన్న ముక్కు. మొదట్లో ఎత్తుగా లేచి, కొసకు వచ్చేసరికి వెడల్పుగా పరుచుకుంటుంది. ఆ ముక్కుతో నలభై ఏళ్లు బతికాను. దాని వల్ల నాకు ఒక్క రోజు కూడా ఇబ్బంది కలగలేదు. ఇబ్బందల్లా చూసేవాళ్లకే. వాళ్ల కోసం దాన్ని కోయించుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. ఉండేది హైదరాబాద్ యూసుఫ్‌గూడలో, పని ఫిల్మ్ నగర్‌లో. పదిహేడేళ్లుగా వదినలకు, హీరోయిన్ స్నేహితురాళ్లకు, అప్పుడప్పుడు హీరోయిన్లకు కూడా గొంతు ఇచ్చాను. తెర మీద ఏడ్చేది వాళ్లు, మైకు ముందు నిలబడి ముక్కు చీదేది నేను. ఈ పనికి కావలసిన చదువు నాకు నాన్న దగ్గరే అబ్బింది. మా వాళ్లది తెనాలి దగ్గర పల్లె. నాన్న అక్కడి చర్చిలో పాటల బృందాన్ని నడిపేవాడు. నన్ను హార్మోనియం పక్కన కూర్చోబెట్టి, పెదాలు మూసి ‘మ్’ అనమనేవాడు.

“గొంతులో కాదమ్మా. ముక్కు మొదట్లో వేలు పెట్టి చూడు. అక్కడ వణకాలి” అనేవాడు.

వేలు పెడితే నిజంగానే అక్కడ సన్నగా జుమ్మని వణికేది. మైకు ముందుకు వచ్చాక దాని విలువ తెలిసింది. అమ్మ, నాన్న, అన్న, నేను, మనం. తెలుగులో దగ్గరి మాటలు చాలావాటికి ముక్కు మోగాలి. అది మోగకపోతే ‘అమ్మా’ అన్న పిలుపు కూడా పరాయివాళ్లని పిలిచినట్టుంటుంది.

మూడేళ్ల కిందట ఒక కో-డైరెక్టర్ నన్ను తెర మీదకు తీసుకొస్తానన్నాడు. అంతకుముందు అతని సినిమాలు నాలుగింటికి గొంతు ఇచ్చాను. ఈసారి హీరోకి అక్క పాత్ర, మంచి సీన్లున్నాయి, కెమెరా ముందు ఒకసారి చూసుకుందాం రమ్మన్నాడు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్లాను. రెండు డైలాగులు చెప్పాక అందరూ మానిటర్ చుట్టూ మూగారు. నేనూ వెళ్లి నిలబడ్డాను.

“యాక్టింగ్ సూపరండీ” అన్నాడు అతను. “ముక్కే కొంచెం... ఫ్రేమంతా అదే ఉంది.”

ఆరుగురు నవ్వారు. ఏడో మనిషిని నేను. నేనూ నవ్వాను. వాళ్ల మీద ఎంత కోపముందో, ఆ రోజు నవ్విన నా మీద అంతకు రెట్టింపు ఉంది.

జూబ్లీహిల్స్‌లో ఒక క్లినిక్ ఉందనీ, ఫలానా హీరోయిన్ ముక్కు చేసింది ఆ డాక్టరేననీ, తను చెబితే బాగా చూస్తాడనీ అతనే అన్నాడు. పాత్ర నాకోసం ఆపుతానని కూడా అన్నాడు. వారం తిరక్కుండా వెళ్లాను. లోపల గోడలన్నీ తెలుపు, కుర్చీలు తెలుపు, డాక్టర్ బూట్లు కూడా తెలుపే. నా ఫోటో తీసి కంప్యూటర్‌లో పెట్టి, నా మొహం మీద మూడు కొత్త ముక్కులు మార్చి మార్చి చూపించాడు. చీరల కొట్లో అంచులు చూపించినట్టే ఉంది.

“గొంతుకేమైనా అవుతుందాండీ? నాకు గొంతే ఆధారం” అని అడిగాను.

“ముక్కుకీ గొంతుకీ సంబంధం ఏముందండీ? పైగా లోపల కూడా కొంచెం స్పేస్ చేస్తాం. బ్రీతింగ్ ఇంకా ఫ్రీ అయిపోతుంది” అన్నాడు.

అన్నేళ్లు ఆ ముక్కుతోనే అన్నం తిన్నదాన్ని. సంబంధం ఏముందని అతను అడిగినప్పుడే లేచి వచ్చేయాల్సింది. కాగితాల కట్ట ఇస్తే, అన్నీ ఇంగ్లీషులో ఉంటే, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను.

కట్లు విప్పాక అందరూ మెచ్చుకున్నారు. చర్చిలో ఒకావిడ గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. వాపు తగ్గకముందే హీరో అక్క పాత్ర వేరొకరు చేసేశారు. “షెడ్యూల్ ముందుకొచ్చిందండీ” అని ఫోన్‌లో ఒక ముక్క చెప్పి కో-డైరెక్టర్ పెట్టేశాడు. అది కూడా దిగమింగాను. కానీ అసలు సంగతి రెండో నెలలో మొదలైంది.

నాకు ఊపిరి పీలుస్తున్నట్టు తెలియడం మానేసింది. దీన్ని అర్థమయ్యేలా చెప్పడం కష్టం. ముక్కు దిబ్బడ వేయలేదు. గాలి పోతోంది, రొమ్ము లేస్తోంది, దిగుతోంది. కానీ ముక్కులోంచి ఏదీ పోతున్నట్టు లేదు. మూసిన కిటికీ ముందు కూర్చుని గాలి కోసం చూస్తున్నట్టుండేది. ఎంత లోతుగా పీల్చినా చాలేది కాదు. ముక్కులోపల ఎండిపోయి, పక్కులు కట్టి, చీదితే రక్తం చారలు. ఏసీ గదిలో గాలి సూదుల్లా నేరుగా గొంతు వెనక గుచ్చుకునేది. కళ్లు మూతపడగానే ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని. వాసనలు ఒక్కొక్కటే పోయాయి. ఒకరోజు మా అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి, “అమ్మా, పాలు మాడిపోతున్నాయి, వాసన రావట్లేదా?” అని స్టవ్ ఆపేసింది. నేను ఆ గిన్నె పక్కనే నిలబడి ఉన్నాను.

ఇక మైకు. ఒక పెళ్లి సీన్‌లో “అమ్మా, నేను వెళ్లొస్తాను” అనాలి. చెప్పాను. సౌండ్ ఇంజినీర్ అద్దం అవతల నుంచి చెయ్యెత్తాడు. అతనిది మెదక్ వైపు, నన్ను పదేళ్లుగా అక్కా అంటాడు.

“అక్కా, జలుబు చేసిందా?”

“లేదే.”

“మరి జర నీళ్లు తాగి చెప్పు. ‘అమ్మా’ అన్న కాడ సప్పగ వస్తున్నది.”

పద్నాలుగు టేకులు చెప్పాను. గొంతు ఎండి గరగరలాడింది. ముక్కు మొదట్లో వేలు పెట్టి చూశాను, చిన్నప్పుడు పెట్టినట్టే. అక్కడ కూడా చప్పగానే ఉంది. మధ్యాహ్నానికల్లా ఇంకో అమ్మాయిని పిలిపించారు. తర్వాత పిలుపులు తగ్గాయి. ఈ పనిలో ఎవరూ వద్దని చెప్పరు. పిలవడం మానేస్తారు, అంతే.

క్లినిక్‌కి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ అతను లైటు వేసి చూసి ఒకటే చెప్పాడు. “బ్యూటిఫుల్ రిజల్ట్. లోపల ఆటో తోలుకెళ్లొచ్చు, అంత దారి ఉంది. మీకు ఊపిరాడకపోవడం ఏంటండీ?” మూడోసారి నర్సు వైపు చూసి చిన్నగా నవ్వి, యాంగ్జైటీ అన్నాడు. ఒక చీటీ మీద మానసిక వైద్యుడి నంబరు రాసిచ్చాడు.

ఇంటికొచ్చి ఆ చీటీ మా ఆయనకు చూపించాను. ఆయన ఎడిటింగ్ గదుల్లో పనిచేస్తారు. చెడ్డ మనిషి కాదు. అలసిపోయి ఉన్నారు.

“అయితే ఎర్రగడ్డ తీసుకెళ్లమంటావా?” అన్నారు.

ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని హైదరాబాద్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన హాస్యానికే అన్నారు. నేను చేతిలో ఉన్న అన్నం గిన్నె గోడకేసి కొట్టాను. పెళ్లయ్యాక అంత పని చేయడం అదే మొదటిసారి. ఆయన వంగి మెతుకులు ఏరారు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మానసిక రోగం ఉన్నవాళ్లు ఆసుపత్రికి వెళ్లడంలో తప్పేమీ లేదు. నాకు ఒళ్లు మండింది ఎందుకంటే, నా ముక్కులో జరిగినదాన్ని నా బుర్రలోకి నెట్టేసి ఒకడు చేతులు దులుపుకున్నాడు, దాన్ని నా ఇంట్లోవాళ్లు కూడా నమ్మేశారు.

దారి చూపించింది సౌండ్ ఇంజినీరే. వాళ్లమ్మకు ముక్కులో గడ్డ లేస్తే ఒక సర్కారు దవాఖానాలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ తీసేసిందట. “పెద్ద లైను ఉంటది గని, ఆమె మాట్లాడితే ఇంటది అక్కా” అన్నాడు. వినే డాక్టర్ అన్న మాటకే వెళ్లాను. పొద్దున ఏడింటికి చీటీ తీసుకుంటే పదకొండున్నరకు పిలిచారు.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. తెల్లకోటు మోచేతుల దాకా మడిచి ఉంది. నేను చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నది. సన్నటి గొట్టంలాంటి కెమెరా లోపలికి పోనిచ్చి టీవీ తెర మీద చూసింది. తర్వాత బల్ల మీదున్న ప్లాస్టిక్ ముక్కు బొమ్మ తీసుకుంది. అది నిలువునా సగానికి కోసిన బొమ్మ. పక్కనే పాఠానికి వచ్చిన ఇద్దరు విద్యార్థులను కూడా దగ్గరికి రమ్మంది.

“చూడు బిడ్డా. బయటికి కనవడే ముక్కు ఉత్త గడప. అసలు ఇల్లు లోపలుంటది” అంది. “పైన ఎముక, కింద మెత్తటెముక, నడుమ గోడ. ఇగో, ఈ పక్కలకు మూడేసి మడతలున్నయా? కింది మడత అన్నిట్ల పెద్దది. దాని నిండ నెత్తురుంటది. బయటి గాలి ఎంత సల్లగున్నా, ఎంత పొడిగున్నా, ఊపిరితిత్తులకు పోయేలోపల ఒంటి వేడికి తెచ్చి, తడి చేసి పంపేది ఇదే. దుమ్మును చీమిడి పట్టుకుంటది, కంటికి కనవడని నూగు దాన్ని గొంతు దిక్కు నూకుతది. కొన్ని గంటలు ఒక దిక్కు మడత ఉబ్బుతది, ఇంకో దిక్కుది తగ్గుతది. మల్ల మారుతయి. రెండు దిక్కులు వంతులేసుకొని పనిజేస్తయన్నట్టు.”

“నాకు గాలి ఎందుకు తెలియట్లేదు డాక్టర్ గారూ?”

“గాలి పోతున్నదని మనకెట్ల ఎరుక? ఈ తడి పొర మీద సల్లగ తగుల్తది గనక. పొర లేకుంటే గాలి పోయినా మెదడుకు ఖబర్ పోదు. ఖబర్ రాకుంటే మెదడు ఊపిరి ఆడుతలేదనే అనుకుంటది. అది పిచ్చి గాదు. వాసన పట్టే జాగ పైన కప్పు కాడ ఉంటది, శానా చిన్న జాగ. గాలి సుడి తిరిగి అక్కడిదాక పోవాలె. మడతలు లేకుంటే సీదా ఎనుకకు దూసుకపోతది.”

ఆమె తెర వైపు వేలు చూపించింది. రెండు వైపులా నున్నటి ఖాళీ. “నీకు కింది మడతలు రెండు దిక్కులా లేవు. కోసేసిన్రు. బయట ముక్కు సన్నగ చేస్తే లోపల దారి ఇరుకైతది. ఆ జాగ కోసం ఇవి తీసినట్టున్నరు. కొంచెం తగ్గిస్తే తగ్గించొచ్చు. మొత్తం తియ్యకూడదు.”

తర్వాత ఆమె దూదిని ఉప్పునీళ్లలో ముంచి, చిన్న వత్తిలా చేసి, మడత ఉండాల్సిన చోట మెల్లగా పెట్టింది. రెండో వైపు కూడా పెట్టింది. బయట బెంచీ మీద కాసేపు కూర్చుని రమ్మంది. కూర్చున్నాను. పక్కన ఒక ముసలాయన మందుల చీటీ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. కొన్ని నిమిషాలు గడిచాయి. నోరు మూసుకుని ఊపిరి పీల్చాను. సన్నగా, చల్లగా, ఒక గీతలా గాలి లోపలికి వెళ్లింది. వెళ్తున్నట్టు తెలిసింది. ఏడాదిన్నర తర్వాత తెలిసింది. ‘అమ్మ’ అన్నాను. ముసలాయన తననేదో అన్నాననుకుని ఇటు తిరిగాడు. నేను రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఆ ఏడుపు పది నిమిషాలు కూడా లేదు. లోపలికి వెళ్లేసరికి కోపం నిండిపోయింది.

“ఇది చేసినవాడు తప్పు చేశాడని రాసివ్వండి” అన్నాను.

“నేను ఒకల మీద మాట రాయ. లోపల ఏమున్నదో, ఏం లేదో ఉన్నదున్నట్టు రాస్త. దానికి సంతకం పెడత” అంది. అలాగే రాసిచ్చింది. దూది తీసేటప్పుడు, ఇది రోజూ పెట్టుకునే మందు కాదనీ, జబ్బేమిటో తేల్చడానికేననీ చెప్పింది. తీసేయగానే మళ్లీ ఆ మూసిన కిటికీ.

మర్నాడే ఆ కాగితంతో క్లినిక్‌కి వెళ్లాను. అతను చదివి, మొహంలో ఏమీ కనబడనీయకుండా పక్కన పెట్టాడు.

“కన్సెంట్‌లో ఉందండీ. పేజీ తొమ్మిది. టర్బినేట్ రిడక్షన్.”

“మడతలు కోస్తామన్న ఆ మాట నాకు తెలుగులో ఎందుకు చెప్పలేదు?”

“మెడికల్ టర్మ్స్‌కి తెలుగు ఉండదండీ.”

“ఉంటుంది. నిన్న ఒక డాక్టరమ్మ పావుగంటలో చెప్పింది. ఆమె గది బయట వందమంది ఉన్నారు. మీ గది బయట నలుగురున్నారు.”

“మీరు కొంచెం కామ్‌గా ఉంటే మాట్లాడుకుందాం.”

“నాకు ఊపిరాడట్లేదని మూడుసార్లు కామ్‌గానే చెప్పాను. మీరు నర్సుని చూసి నవ్వారు.”

అతను బెల్ కొట్టాడు. నేను బయటి గదిలోకి వచ్చి, ఆ తెల్ల కుర్చీల మధ్య నిలబడి, నా సంచీలోంచి ఆ సంతకాల కట్ట తీసి, పేజీ తొమ్మిది పైకి చదివాను. ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని అర్థం తెలుగులో ఒక వాక్యం. మైకు ముందు నిలబడ్డప్పుడు ఎలా నిలబడతానో అలాగే నిలబడి, ప్రతి అక్షరం చివరి కుర్చీ దాకా వినబడేలా చదివాను. మడత అంటే ఏమిటో, అది తీసేస్తే ఏమవుతుందో చెప్పాను. సెక్యూరిటీ మనిషి వచ్చి, “అమ్మా, బయటికి నడువుండ్రి” అని బతిమాలాడు. కూర్చున్న నలుగురిలో ఒక్కరూ లేవలేదు. ఒకమ్మాయి నా మొహం వైపే చూస్తోంది. తర్వాత పక్కనున్న తల్లితో అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది.

“ముక్కు మాత్రం బాగా చేశారు కదమ్మా.”

ఆ మాటకు నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

వైద్యుల మండలికి అర్జీ పెట్టాను. మా ఆయన నాతోపాటు కూర్చుని ప్రతి కాగితం వరుసలో పెట్టారు. ఎర్రగడ్డ మాట గురించి క్షమించమని అడగలేదు గానీ, విచారణ జరిగిన రోజులన్నీ సెలవు పెట్టి వచ్చారు. డాక్టర్ తరఫున వకీలు వచ్చాడు. ఆపరేషన్ రికార్డులో ఎంత భాగం తీశారో రాయనే లేదని తేలింది. చివరికి రికార్డులు సరిగా పెట్టనందుకు హెచ్చరిక ఇచ్చారు. రికార్డులకు హెచ్చరిక, ముక్కుకు ఏమీ లేదు. మళ్లీ అప్పీలు పెట్టాను. అది ఇంకా నడుస్తోంది. క్లినిక్ బోర్డు ఇంకా వెలుగుతోంది. ఆ రోడ్డు మీదుగా వెళ్లినప్పుడల్లా తల తిప్పి చూస్తాను. చూడకుండా వెళ్లడం చేతగాదు.

ఈలోగా సర్కారు డాక్టరమ్మ నా పక్కటెముక దగ్గర నుంచి మెత్తటెముక ముక్కలు తీసి, ముక్కులోపలి పొర కింద అమర్చింది. పోయిన మడత తిరిగి రాదనీ, దాని చోట ఒక దిబ్బ మాత్రం చేయగలననీ ముందే చెప్పింది. కుడివైపు గాలి తెలుస్తోంది. ఎడమవైపు తెలియదు. మల్లెపూల వాసన రాదు, కిరోసిన్ వాసన వస్తుంది. రోజుకు నాలుగుసార్లు ఉప్పునీళ్లు. గొంతు పూర్తిగా కాకపోయినా, తల్లి పాత్రలకు సరిపడేంత తిరిగొచ్చింది.

పోయిన వేసవిలో అదే కో-డైరెక్టర్ ఫోన్ చేశాడు. అతని కొత్త సినిమాలో హీరోయిన్ తెలుగమ్మాయేనట, సిద్దిపేట వైపు.

“అమ్మాయి గొంతు బాగా డ్రైగా ఉందండీ. పైగా యాస. ఒక ఏడుపు సీన్ ఉంది, మీరైతేనే ఆ ఏడుపు పండుతుంది” అన్నాడు.

ఇల్లు గడవాలి కాబట్టి వెళ్లాను. తెర మీద క్లోజప్ వచ్చింది. మా పనిలో కళ్లు చూడం, పెదాలు చూస్తాం. ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో అదే మాకు లెక్క. ఆ అమ్మాయి పెదాలు మాట అయిపోయాక కూడా కలవడం లేదు. రెండో షాట్‌లో, మూడో షాట్‌లో కూడా. డైలాగు లేని చోట కూడా నోరు కొద్దిగా తెరిచే ఉంది. హెడ్‌ఫోన్‌లో షూటింగ్ నాటి అసలు గొంతు వింటే, ప్రతి మాటకు ముందు నోటితో పీల్చే పొడి ఊపిరి. ముక్కు సన్నగా, నిటారుగా ఉంది. ఆ కొస ఎవరి చేతిపనో నాకు అద్దంలో రోజూ కనబడుతుంది.

హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టి బయటికి వచ్చాను.

“ఈ అమ్మాయిని కూడా అక్కడికే పంపారా?” అని అడిగాను.

కో-డైరెక్టర్ ఫోన్‌లోంచి తలెత్తాడు. “ఎక్కడికండీ?”

“ఆ అమ్మాయి నోటితో ఊపిరి పీలుస్తోంది. సినిమా అంతా పీలుస్తోంది. మీకెవరికీ కనబడలేదా?”

“అది లుక్ అండీ. కొంచెం సెన్సువస్‌గా...”

అప్పుడు నేనేమన్నానో ఇక్కడ రాయను. ఇన్నేళ్లుగా ఎన్నో పాత్రలకు తిట్లు చెప్పాను, అందులో కొన్ని పనికొచ్చాయి. అద్దం అవతల సౌండ్ ఇంజినీర్ తల వంచుకుని బటన్లు చూసుకున్నాడు. చివరికి అన్నాను, “ఆ అమ్మాయి నంబరిస్తే సీన్ చెప్తాను. లేకపోతే ఇంకొకరిని పిలుచుకోండి.”

“రేపు మిక్సింగ్ ఉందండీ.”

“అయితే తొందరగా ఇవ్వండి.”

ఇచ్చాడు. వరండాలో నిలబడి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పి, “నీకు ఊపిరి ఆడుతున్నట్టు తెలుస్తోందా అమ్మా?” అని అడిగాను. అవతల నోటితో పీల్చిన పొడి ఊపిరి వినబడింది.

“మీకెట్ల తెలుసక్కా?” అంది ఆ అమ్మాయి. “ఎవలికి చెప్పినా నవ్వుతున్నరు. మా అమ్మ దిష్టి తీపిచ్చింది.”

వారం తర్వాత ఆమెను సర్కారు దవాఖానాకు తీసుకెళ్లాను. చున్నీ మొహం చుట్టూ కప్పుకుని నాతోపాటు లైనులో నాలుగు గంటలు నిలబడింది. ఆమెకు ఒకవైపు మడత కొంత మిగిలిందని డాక్టరమ్మ చెప్పింది. నాకన్నా ఆమెకు మేలు. మందులతో కొంత సర్దుకోవచ్చంది. దూది పెట్టినప్పుడు ఆ అమ్మాయి ఏడవలేదు. కళ్లు పెద్దవి చేసి గోడ వైపు చూస్తూ, పది పన్నెండు సార్లు వరుసగా ఊపిరి పీల్చింది.

అర్జీ మా ఇంట్లోనే రాశాం. మా ఆయన రాస్తుంటే ఆమె చెప్పింది, తన యాసలోనే. సినిమాలు రావని నిర్మాతలు బెదిరిస్తారని నేను ముందే హెచ్చరించాను. ఆమె చదువుకుని కలం పట్టుకుంది.

“ఈ కోపం తగ్గుతదా అక్కా?”

“నాకైతే తగ్గలేదు” అన్నాను.

“మంచిదే” అని సంతకం పెట్టింది.